ఉప్పెన వేళ ఔత్సాహిక రేడియో
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చి ముచ్చటించుట వాడుక. నాకన్న ముందు మాటలాడిన పెద్దలు ఆ పని చక్కగా నెరవేర్చినారు. కార్యదర్శిగారు నన్ను నిస్తంత్రీ వార్తలను గూర్చి మాటలాడుమని కోరినారు. పుస్తకముల నడుమ ఈ తీగల గొడవ ఏల యని మీలో కొందరికి తోచి యుండవచ్చును. కాని మన పల్లెలలో ఒకప్పుడు రేడియో పెట్టె యుండిన చోటు పంచాయతీ కార్యాలయమో, గ్రంథాలయమో. సాయంకాలమున ఊరివారు అరుగుమీద చేరి వార్తలు వినుచుండెడివారు. అయితే ఆ పెట్టె వినిపించునే గాని వినదు. పట్టణము పలికినది మనకు వినబడును. మన మొర పట్టణమునకు వినబడదు. నేను నేడు చెప్పబోవునది వినుటయు, పలుకుటయు రెండును నేర్చిన రేడియోను గూర్చి.

ఔత్సాహిక రేడియో యనగా నేమో ముందు క్లుప్తముగా చెప్పెదను. ప్రభుత్వము పెట్టు పరీక్షలో కృతార్థులై, అనుమతి పత్రము పొంది, తమ యింటనే ప్రసార యంత్రమును, గ్రాహక యంత్రమును నెలకొల్పుకొని, తమవంటి ఇతరులతో ఆకాశమార్గమున సంభాషించువారు ఔత్సాహికులు. లోకమంతట వీరికి హామ్‌లని వాడుక పేరు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేత నామ ముండును. మన దేశపు నామములు ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగును. ఈ సంభాషణకు ప్రతిఫలము పుచ్చుకొనరాదు, వ్యాపారపు మాటలాడరాదు, పాటలు ప్రసారము చేయరాదు. మన దేశమున 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్త మొదటి ఔత్సాహికుడైనాడు. ఔత్సాహికుడన్నంతనే పని చేతగానివాడని కొందరు తలంతురు. జీతమునకు గాక ఇష్టమునకు పనిచేయువాడని మాత్రమే దాని యర్థము. మన ఊళ్ల నాటక సమాజములవారి నటన చూచిన మీకు ఈ భేదమును నేను విప్పి చెప్పనక్కరలేదు.

ఇక విషయమునకు వచ్చెదను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని గూర్చి ఈ డెల్టాలో అరువది యేండ్లు దాటినవారికి ఎవరును చెప్పవలసిన పని లేదు. సముద్రము సుమారు మూడు నిలువుల యెత్తున లేచి దివిసీమ మీదికి వచ్చినది. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు, అందు ముఖ్యముగా సొర్లగొంది, ఆ రాత్రి ఏమైనవో మీరెరుగుదురు. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. అంతకంటె చాల హెచ్చని చెప్పువారును కలరు. ఆ రాత్రి టెలిఫోను తీగలు తెగినవి, తంతి తీగలు తెగినవి, బాటలు కొట్టుకొనిపోయినవి. పోయినవారి సంగతి మిగిలినవారు చెప్పవలెను. చెప్పుటకు తీగ లేదు, నడచిపోవుటకు దారి లేదు. ఆ విపత్తు ఎంతటిదో బయటి లోకమునకు పూర్తిగా తెలియుటకు రోజులు పట్టినది. ఆ రోజులలో గాయపడినవాడు గాయముతోనే యుండెను. బావులలో ఉప్పునీరు నిండియుండగా పసిబిడ్డ దాహముతోనే యుండెను. ఉప్పెన చంపినవారి లెక్క ఒకటి కలదు. వార్త పోక, సాయము రాక, ఆ తరువాత పోయినవారి లెక్క వేరొకటి యుండవలెను. ఆ రెండవ లెక్కను నేనెక్కడను చూడలేదు.

‘అది ఆనాటి మాట, ఇప్పుడు ప్రతివాని చేతిలో సెల్‌ఫోను కలదు గదా!’ యని మీరనవచ్చును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. 1990 మే నెల 9వ తేదీన కృష్ణా ముఖద్వారము వద్ద తీరము దాటిన తుపాను బలమున తక్కువది కాదు. అయినను ముందుగా లక్షకు పైబడి జనమును తరలించుటచే మరణములు వేయి లోపున నిలిచినవి. ఆ తరువాతి కాలమున ఉపగ్రహములు వచ్చినవి, రాడార్లు వచ్చినవి, తుపాను రక్షిత భవనములు వచ్చినవి. ఈనాడు తుపాను హెచ్చరిక నాకన్న ముందు మా మనుమని ఫోనునకు వచ్చును. గాలివాన వచ్చువరకు సెల్‌ఫోనును మించిన హెచ్చరిక సాధనము లేదని నేనును ఒప్పుకొందును. నా సందేహ మంతయు అది వచ్చిపోయిన మరునాటిని గూర్చి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీదనే తీరము దాటినది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. అంతటి మహానగరము, నౌకాదళపు స్థావరము, విమానాశ్రయము గల పట్టణము, ఒక్క పగటిలో మూగదైనది. కరెంటు పోయినది, ఫోనులు పోయినవి. కారణము విచారించిన మనకు పనికివచ్చును. చేతిలోని ఫోను తానుగా ఎవరితోను మాటలాడజాలదు. అది సమీపపు టవరుతో మాటలాడును. ఆ టవరు భూమిలోని గాజుతీగ ద్వారమునగాని, పళ్లెము వంటి ఏరియల్ ద్వారమునగాని వేరొక కేంద్రముతో మాటలాడును. కరెంటు పోగానే టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు నిలుచును; ఆపైన డీజిలు ఇంజను కావలెను; డీజిలు తెచ్చు లారీకి బాట కావలెను; బాట మీద చెట్లు పడియున్నవి. చెట్టు వేళ్లతో పెకలినపుడు గాజుతీగయు దానితో లేచి తెగును. గాలి తాకిడికి పళ్లెము తన చూపు రవంత మరల్చుకొన్నను అవతలి పళ్లెమునకు కానరాదు. ఇవన్నియు దాటి ఏ టవరైన నిలిచినదా, లక్షమంది ఒక్కమారు ‘క్షేమమా?’ యని అడుగుటచే అది ఉక్కిరిబిక్కిరి యగును. గొలుసులో పది లంకెలున్నచో, ఏ యొక్కటి తెగినను గొలుసు తెగినట్లే.

హామ్ రేడియో బలము దాని యంత్రములో లేదు. దాని గొలుసులో నడిమి లంకెలు లేకపోవుటలో నున్నది. ఈ చివర ఒక మనుష్యుడు, ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఒక తీగ. ఆ చివరను అంతే. నడుమ నున్నది ఆకాశము. దానిని ఏ గాలివానయు పడవేయజాలదు.

ఈ ఆకాశపు సంగతి కొంచెము విపులముగా చెప్పెదను, ఏలయన మన జిల్లాకు పనికివచ్చు కిటుకు అందులోనే కలదు. భూమికి చాల ఎత్తున, ఎండ తాకిడికి గాలి విద్యుత్కణములుగా చీలిన పొరలు కలవు. హ్రస్వ తరంగములు ఆ పొరలను తాకి అద్దమును తాకిన వెలుతురువలె క్రిందికి మరలును. దూరదేశములతో మాటలాడగోరు హామ్ తన ఏరియల్‌ను వీలైనంత ఎత్తున కట్టును. అపుడు తరంగము ఏటవాలుగా పోయి, వేల కిలోమీటర్ల అవతల దిగును. కాని అది నడిమి ఊళ్ల నెత్తిమీదుగా దాటిపోవును. మచిలీపట్టణమున పలికిన మాట ఢిల్లీలో వినబడి, విజయవాడలో వినబడకపోవుట కలదు. ఆపదలో మనకు ఢిల్లీతో పని లేదు. డెబ్బది కిలోమీటర్ల దూరపు కలెక్టరు కార్యాలయముతో పని. అందుచేత ఏరియల్‌ను దించి కట్టవలెను. రెండు కొబ్బరిచెట్ల నడుమ, పదునైదడుగుల యెత్తున, సుమారు 66 అడుగుల రాగితీగను అడ్డముగా లాగి, నడుమ తెంపి, అచటినుండి యంత్రమునకు తీగ దింపిన చాలును. తరంగము దాదాపు నిట్టనిలువుగా పైకిపోయి, గొడుగు విప్పినట్లు మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర క్రిందికి దిగును. పగటివేళ 7 మెగాహెర్ట్జ్ ప్రాంతమున ఇది బాగుగా పనిచేయును. రాత్రివేళ పై పొర పలుచబడును గనుక 3.5 మెగాహెర్ట్జ్ ప్రాంతమునకు దిగవలెను. దానికి తీగ ఇంచుమించు రెట్టింపు పొడవుండవలెను.

ఊరిలోనే, రెండు మూడు మైళ్ల లోపున, ఒక రక్షిత భవనమునుండి వేరొక దానికి మాటలాడుటకు 144 నుండి 146 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో పనిచేయు చేతి సెట్లు కలవు. అవి చూపు మేరకే పనిచేయును. రిపీటరను యంత్రమును ఎత్తైన చోట నిలిపి వాటి మేర పెంచుదురు గాని, ఆ యంత్రమును టవరు మీదనే యుండును గనుక నేను దానిని నమ్ముకొనను.

విద్యుత్తు మాట యడుగుదురేమో. నూరు వాట్ల యంత్రమునకు 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీ చాలును. అయితే పలుకునపుడు అది ఇరువది ఆంపియర్లు త్రాగును. వినునపుడు ఒకటి రెండు మాత్రమే. కావున ఎక్కువ విని, తక్కువ పలుకువాని బ్యాటరీ ఎక్కువ కాలము నిలుచును. మోర్సు సంకేతములతో నైనచో అయిదు వాట్లతోనే వందల కిలోమీటర్లు దాటవచ్చును. 2013 జూలైలో మన దేశమున టెలిగ్రాము సేవ ఆగిపోయినది. తంతి కార్యాలయములను విడిచిపోయిన ఆ టిక్కు టక్కులు ఈనాటికిని ఔత్సాహికుల ఇండ్లలో వినబడుచున్నవి.

ఈ విద్య ఆపదలో అక్కరకు వచ్చినట్లు నిదర్శనములు చాల కలవు. 1913 మార్చిలో అమెరికాలోని ఒహాయో ప్రాంతమున వరదలు తీగలను తెంచివేసినపుడు విశ్వవిద్యాలయ విద్యార్థులు, ఇతర ఔత్సాహికులు తమ యంత్రములతో వార్తలు నడిపిరి. మన తుపానునే ఆ దేశమువారు హరికేన్ అందురు. 1965లో బెట్సీ అను హరికేన్ వచ్చినపుడు అచటి ఔత్సాహికులు 14.325 మెగాహెర్ట్జ్ వద్ద ఒక వలయముగా చేరిరి. హరికేన్ వచ్చినపుడెల్ల ఆ చోటు దానికే కేటాయించి, తక్కినవారు తొలగుట ఆచారమైనది. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రమున 1980 నుండి ఒక హామ్ నిలయము పనిచేయుచున్నది. చిన్న చిన్న దీవులలోని ఔత్సాహికులు తమ భారమితి ఎంత చూపుచున్నదో, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో చెప్పగా, ఆ లెక్కలు ముందుగది లోని శాస్త్రజ్ఞుల చేతికి పోవును. ఇది నాకు మిక్కిలి నచ్చిన సంగతి. హెచ్చరిక పైనుండి క్రిందికి వచ్చుట మన మెరుగుదుము. పల్లెటూరివాడు చూచినది పైకి పోయి హెచ్చరికను దిద్దుట అరుదు.

2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టోరికో దీవిని తాకినది. దీవి యంతట కరెంటు పోయినది. నూటికి తొంబదియైదు సెల్ టవర్లు నిలిచిపోయినవి. రెడ్‌క్రాస్ వారు ఏబదిమంది హామ్‌లు కావలెనని అమెరికా ఔత్సాహికుల సంఘము నడిగిరి. ఇరువదికి పైబడిన మంది విమానములో వెళ్లిరి. ప్రాణములతో నున్నవారి పేర్లు వారి బంధువులకు చేర్చుట వారి ముఖ్యకార్యము. స్థానిక ఔత్సాహికులు మరియొక పని చేసిరి. విద్యుత్ సంస్థవారి కేంద్రముల నడుమ మాట లేకపోగా, వీరు అచట కూర్చుండి ఆ మాట నడిపిరి. కరెంటు మరల వచ్చుటకే కరెంటు లేని రేడియో తోడ్పడినదన్నమాట.

మన దేశమున 1999 అక్టోబరు 29 నాటి ఒడిశా మహాతుపాను సందర్భమున భువనేశ్వరమే బయటి లోకముతో సంబంధము కోల్పోయినది. బ్యాటరీలతో, తీగచుట్టలతో వెళ్లిన ఔత్సాహికులు అచట వార్తలు నడుపుటలో పాలుపంచుకొనిరి. తెలుగువారికి దగ్గరి సంగతి యింకొకటి కలదు. హైదరాబాదునందు ఎస్. సూరి గారి కృషితో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ నెలకొన్నది. ఆ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్లి, పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక హోటలునుండి లోకములోని హామ్‌లతో మాటలాడుచుండిరి. అండమానునుండి ఎవరైన పలుకుట అరుదు గనుక అందరికిని అదియొక వేడుక. ఆ నెల 26వ తేదీ ప్రాతఃకాలమున భూమి కంపించినది. వెనువెంట సునామీ వచ్చినది. అది తుపాను కాదు, నిజమే; కాని తీగలు తెగుటలో రెండింటికి భేదము లేదు. వేడుకకై పెట్టిన ఆ యంత్రమే దీవులకును ప్రధాన భూభాగమునకును నడుమ వార్తావాహిని యైనది. యంత్రము, మనిషి, అభ్యాసము, మూడును ఆపదకు ముందే అచట నుండుటచేతనే అది సాధ్యపడినది. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెనని నా కోరిక. ఆపద వచ్చిన తరువాత హైదరాబాదునుండి బయలుదేరువాడు ఎంత సమర్థుడైనను, మన కాలువగట్టు తెగియున్నచో ఆవలి గట్టుననే ఆగును.

ఇక వార్త వ్రాయు విధమును గూర్చి. యంత్రము నేర్చుటకంటె ఇది కష్టము. ‘ఇచట పరిస్థితి ఘోరముగా నున్నది, వెంటనే సహాయము పంపుడు’ అను వార్త పూర్తిగా సత్యమే కావచ్చును. కాని దానితో కలెక్టరుగారు చేయగలది ఏమియు లేదు. మాటవరుసకు ఈ విధముగా వ్రాయవలెను: ‘పాఠశాలలో 340 మంది. త్రాగునీరు లేదు. విరేచనములు 14 మందికి, అందు పసివారు 5. కావలసినవి ఓఆర్‌ఎస్ పొట్లములు 200, నీటి ట్యాంకరు 1. తూర్పు బాట తెగినది, పడమటి కాలువగట్టున ట్రాక్టరు రాగలదు. గ్రామ రెవెన్యూ అధికారి, ఉదయము 7-20.’ ఎంతమంది, ఏమి కావలెను, ఏ దారి, ఎవరు చెప్పినది, ఎప్పుడు, ఈ అయిదును లేని వార్త వార్త కాదు. ప్రాణముల మాట ముందు, సరఫరాల మాట తరువాత, క్షేమ సమాచారము ఆ తరువాత పోవును. ఒక కేంద్ర నిలయము అందరికిని వంతులు చెప్పును. వంతు రానివాడు నోరు మెదపరాదు.

అంకెలయందు మరింత జాగ్రత్త యవసరము. మన తెలుగున ఆరు, నూరు అను మాటలు గరగరల నడుమ ఒక్కటిగానే వినబడును. ఏడు, మూడు అనునవియు నంతే. నూరు బస్తాల బియ్యమడిగిన చోటికి ఆరు వచ్చినచో ఆ రాత్రి ఎవరు పస్తుందురు? అందుచే నూరును ‘ఒకటి, సున్న, సున్న’ యని విడివిడిగా పలికి, వినినవాడు తిరిగి చదివి వినిపించువరకు చీటీని చేతినుండి విడువరాదు.

ఔత్సాహికుడు తానుగా వార్త కల్పింపరాదు. ‘చెరువుకట్ట తెగినదట’ అను ‘అట’ తో ముగియు ఏ మాటను యంత్రము వద్దకు రానీయరాదు. అధికారి వ్రాసి సంతకము చేసినది పంపుట, వచ్చినది ఆయన చేతికిచ్చుట, ఇంతే అతని పని. ఈ రేడియో నీరు తేదు, బియ్యము తేదు; అవి ఎచటికి పోవలెనో చెప్పును. దీనిని మించి ఆశ పెట్టుకొన్నవారు నిరాశ చెందుదురు. మరియు గాలివాన వీచుచుండగా తీగకట్టి వీరత్వము చూపరాదు. తుపాను రాకముందే ఏరియల్‌ను దించి, చుట్టి, సంచిలో పెట్టవలెను. పిడుగు భయము వలనను, గాలి భయము వలనను. గాలి తగ్గిన తరువాత కట్టుటకు గంట చాలును.

మన ఊరికి ఇటువంటివారు కావలెను గదా! పరీక్షలో రెండు తరగతులు కలవు. క్రింది తరగతికి మోర్సు అక్కరలేదు. రేడియో సూత్రములు, నిబంధనలు చదివిన చాలును. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలు సైతము కూర్చుండవచ్చును. ఒక్కరు సరిపోరు, ఆ ఒక్కరు ఆనాడు పెండ్లికి పొరుగూరు పోయి యుండవచ్చును. ముగ్గురైనను కావలెను. ఎవరికి నేర్పవలెనను విషయమున నాకొక అభిప్రాయము కలదు. చురుకైన కుర్రవాండ్రకు నేర్పుట సులభమే. కాని వారు చదువు ముగియగనే హైదరాబాదో, బెంగుళూరో చేరుదురు. ఊరిలో నిలిచియుండువారికి నేర్పవలెను. అంగన్‌వాడీ టీచరమ్మ, కిరాణా కొట్టు నడుపు వారు, కోడండ్రుగా వచ్చి ఇచటనే స్థిరపడిన చదువుకొన్న స్త్రీలు, వీరు తుపాను నాడు ఊరిలోనే యుందురు. పరీక్షకు వలయు పుస్తకములు రెండు మూడు కొని బీరువాలో నుంచుటకు కార్యవర్గమువారు అంగీకరించినారు. అందుకు వారికి నా కృతజ్ఞతలు.

వచ్చు ఆదివారము ఉదయము 7 గంటలకు ఈ గ్రంథాలయపు పెరటిలోని రెండు కొబ్బరిచెట్ల నడుమ తీగ కట్టి, నా యంత్రమును ఈ బల్లమీదనే నిలిపి, విజయవాడ పరిసరములందలి హామ్‌లతో మాటలాడెదను. చూడగోరువారు రావచ్చును. ఎవరైన ట్రాక్టరు బ్యాటరీ నొకదానిని ఒక పూటకు ఎరువిచ్చినచో మేలు, నా బ్యాటరీ పాతబడినది. కాగితము, పెన్సిలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. పెన్సిలే ఏల యనగా, తడిసిన కాగితముపై సిరా నిలువదు.